శనివారం ఒంటిగంటకి గరాజ్ ఖాళీ కావాలంటే: డాలస్ ఉత్తర శివార్ల తెలుగు కుటుంబాలకు బహిరంగ లేఖ

నమస్కారం.

ఫ్రిస్కో, ప్లేనో, అలెన్, మెకిన్నీ, ప్రాస్పర్ వైపు ఉంటూ, ఈ వసంతంలో ఇరుగుపొరుగు అయిదారు కుటుంబాలు కలిసి గరాజ్ సేల్ (గరాజ్ ముందు కార్లు నిలిపే డ్రైవ్‌వే మీద వాడిన సామాను పెట్టి అమ్మడం) పెడదామనుకుంటున్న మనవాళ్ళకి ఈ ఉత్తరం.

కలిసి పెట్టడం మంచి ఆలోచనే. వాట్సాప్‌లో సోఫా ఫోటో పెడితే "ఇంకా ఉందాండీ?" అని పదిమంది అడుగుతారు, వచ్చి తీసుకెళ్ళే వాళ్ళు మాత్రం ఉండరు. ఒక్క ఇంటి సామాను కోసం ఆగని కారు, ఆరిళ్ళ సామాను అని బోర్డు కనిపిస్తే ఆగుతుంది. కాని మనవాళ్ళు పెట్టే సేల్స్‌లో ఎక్కువ భాగం ఎలా ముగుస్తున్నాయంటే, సామాను పొద్దున గరాజ్‌లోంచి డ్రైవ్‌వే మీదికి, మధ్యాహ్నం డ్రైవ్‌వే మీంచి గరాజ్‌లోకి వాహ్యాళికి వెళ్ళొస్తోంది. ఆ పైన "మీ కుక్కర్ అయిదుకి పోయింది, మా మిక్సీ డబ్బులేవీ?" అన్న లెక్కలు. అందుకని బల్లలు సర్దడం కన్నా ముందు ఒక మాట మీద నిలబడండి: డ్రైవ్‌వే ఎక్కిన వస్తువు మళ్ళీ ఏ ఇంట్లోకీ వెళ్ళకూడదు. దీనికి ఒప్పుకోని కుటుంబాన్ని కలుపుకోకండి. మొహమాటపడి కలుపుకుంటే, ఆ రోజు బేరం కుదరనివ్వని బల్ల వాళ్ళదే అవుతుంది.

తేదీ విషయం. మీ హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఏడాదికి ఒకటి రెండు సార్లు సబ్‌డివిజన్ (కాలనీ) మొత్తానికీ గరాజ్ సేల్ రోజు ప్రకటిస్తుంటే కళ్ళు మూసుకుని ఆ రోజే పెట్టండి. మెయిన్ రోడ్డు మీద బోర్డు వాళ్ళే కడతారు, జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. అలాంటి ఏర్పాటు లేకపోతే కనీసం నాలుగు వారాల ముందు హెచ్‌ఓఏ మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా సరే అనిపించుకోండి. ఊరి రూలు మళ్ళీ వేరు. డాలస్ నగర పరిధిలో పర్మిట్ తీసుకోవాలి, ఏడాదికి ఎన్నిసార్లన్న పరిమితీ ఉంది. శివారు ఊళ్ళు ఒక్కోటి ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ సిటీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. పక్క ఊళ్ళో ఉన్న మీ స్నేహితుణ్ణి అడిగి ఊరుకోకండి.

నెలలు చూస్తే మార్చి చివర నుంచి మే మొదటి వారం దాకా, లేదంటే అక్టోబర్. జూన్ దాటాక పది గంటలకే డ్రైవ్‌వే పెనంలా కాలుతుంది. ఏప్రిల్‌లో గాలివాన, వడగళ్ళు రావచ్చు. అందుకే కార్లు ముందే వీధిలోకి తీసి, గరాజ్‌లో సగం ఖాళీ ఉంచుకోండి. నీడకి పదడుగుల కానపీ (గుడారం) వేస్తే నాలుగు కాళ్ళకీ ఇసుక సంచులు కట్టండి. కట్టని కానపీ ఇక్కడి గాలికి గాలిపటమే. ఈస్టర్ వారాంతం వద్దు, మెమోరియల్ డే వారాంతం వద్దు. శ్రీరామనవమి శనివారం పడితే మనలో సగం మంది గుళ్ళో కల్యాణానికి వెళ్తారు, బల్ల దగ్గర మనిషుండడు.

పన్ను గురించి ప్రతిసారీ ఎవరో ఒకరు భయపెడతారు. మీ ఇంట్లో వాడిన సామాను పన్నెండు నెలల్లో రెండు సేల్స్ దాకా పెట్టుకుంటే టెక్సస్‌లో అమ్మకపు పన్ను వసూలు చేయనక్కర్లేదు. కొన్న ధర కన్నా తక్కువకి అమ్మారు కాబట్టి ఆదాయపు పన్నూ లేదు, ఆ నష్టాన్ని చూపించుకోవడానికీ లేదు. అయితే కాస్ట్‌కోలో కొత్తవి కొని తెచ్చి బల్ల మీద పెట్టారా, అది వ్యాపారం. అలాంటివి రానివ్వకండి.

ఇక స్థలం. ఎవరి డ్రైవ్‌వే మీద వాళ్ళు పెట్టుకుంటే ఆరిళ్ళకీ ఆరుగురు కాపలా, ఆరు చిల్లర డబ్బాలు. ఇళ్ళు పక్కపక్కనే ఉంటే తప్ప అలా వద్దు. మూల మీద ఇల్లో, వీధి మొదట్లో ఇల్లో ఎంచుకుని అందరి సామానూ అక్కడే పెట్టండి. రెండు కార్ల డ్రైవ్‌వే పద్దెనిమిది అడుగుల వెడల్పుంటే లెక్క ఇలా సరిపోతుంది. ఆరడుగుల మడత బల్ల వెడల్పు రెండున్నర అడుగులు. ఎడమ అంచున ఒక వరస, కుడి అంచున ఒక వరస, నడుమ వీపూ వీపూ ఆనించి రెండు వరసలు వేస్తే బల్లలకి పదడుగులు పోతాయి. మిగిలిన ఎనిమిది అడుగులు, నాలుగేసి అడుగుల రెండు దారులు. స్ట్రోలర్ ఒకటి వస్తుంటే ఎదురుగా మనిషి తప్పుకోడానికి ఆ నాలుగడుగులు కావాలి. మూడడుగులకి కుదిస్తే బొమ్మల బల్ల దగ్గర పిల్లవాడు ఆగిపోతాడు, వెనక వరస మొత్తం ఆగిపోతుంది, ఆ వెనకవాళ్ళు కారెక్కుతారు. ఇరవై అడుగుల పొడవులో వరసకి మూడు బల్లలు, మొత్తం పన్నెండు. ఆరు కుటుంబాలకి తలా రెండు బల్లల సామానుకి చోటు. "మా సామానెక్కువ" అనేవాళ్ళు రెండు బల్లల్లో పట్టనిది ముందే గుడ్‌విల్ లాంటి విరాళాల దుకాణానికి ఇచ్చేయాలి.

కుటుంబానికో బల్ల అని మాత్రం సర్దకండి. గిన్నెలన్నీ ఒకచోట, పుస్తకాలన్నీ ఒకచోట, పిల్లల బట్టలు సైజుల వారీగా ఒకచోట ఉండాలి. కొనేవాళ్ళకి మీ ఇంటిపేర్లతో పనిలేదు. నేల మీద ఏమీ పెట్టకండి, వంగి చూసేవాళ్ళు తక్కువ. బట్టలు గుట్టగా పోస్తే ఎవరూ వెతకరు, రాడ్‌కి తగిలించండి. పెద్దవి, అంటే సైకిలు, డైనింగ్ టేబుల్, లాన్‌మూవర్ లాంటివి, వీధి నుంచి కనబడేలా ముందుకి. కార్లు ఆగేది వాటిని చూసే. అమ్మకానికి కాని గరాజ్ సామాను మీద దుప్పట్లు కప్పేయండి. లేదంటే పొద్దుణ్ణుంచీ "ఆ నిచ్చెన ఎంత?" అన్న ప్రశ్నకే జవాబు చెబుతుంటారు.

ఇప్పుడు అసలు తగువు, ఏ వస్తువు ఎవరిదన్నది. కుటుంబానికో రంగు చుక్క అంటిస్తే చాలదు. ఆరు రంగుల్లో నారింజకీ ఎరుపుకీ ఎండలో తేడా తెలియదు. రంగు లేకపోయినా పరవాలేదు, చీటీ మీద ఇంటిపేరు మొదటి అక్షరం, ధర, రెండూ ఉండాలి. "క 4" అంటే కొల్లావారిది, నాలుగు డాలర్లు. రెండు కుటుంబాలకి ఒకే అక్షరం వస్తే ఇంటి నంబరు వాడండి. చీటీకి మామూలు స్టిక్కర్ బదులు పెయింటర్లు వాడే నీలం టేపు ముక్క మంచిది. స్టీలు గిన్నె మీద స్టిక్కర్ జిగురు వదలదు, పుస్తకం అట్ట మీద స్టిక్కర్ పీకితే అట్టే ఊడొస్తుంది. నీలం టేపుకి ఆ రెండు బాధలూ లేవు, మార్కర్‌తో రాయడానికీ బాగుంటుంది.

డబ్బు బల్ల ఒక్కటే ఉండాలి. దాని మీద ఒక నోట్‌బుక్, కుటుంబానికి రెండేసి పేజీలు. వస్తువు అమ్ముడవగానే టేపు పీకి ఆ కుటుంబం పేజీలో అతికించండి. బేరంలో తగ్గితే టేపు మీద పాత అంకె కొట్టేసి, వచ్చిన డబ్బు రాయండి. డబ్బు జెల్‌లో (బ్యాంకు యాప్ ద్వారా ఫోన్‌లో) వస్తే పక్కన "జె" అని రాయండి. అంతే, లెక్క అయిపోయింది. సాయంత్రం పేజీలోని ముక్కలు కూడితే ఆ కుటుంబానికి ఎంత రావాలో తేలిపోతుంది. వస్తువుతో పాటు టేపు వెళ్ళిపోయిందంటే లెక్క పోయినట్టే. అందుకని డబ్బు బల్ల దగ్గర ఎప్పుడూ ఇద్దరుండాలి, ఒకరు టేపు పీకడానికి, ఒకరు డబ్బు తీసుకోడానికి. రెండు గంటలకోసారి మారండి.

మూడిళ్ళ వస్తువులు ఒకరే తీసుకుని కలిపి బేరమాడితే? పదిది ఒకటి, ఆరుది ఒకటి, నాలుగుది ఒకటి, మొత్తం ఇరవై. పదిహేనుకి ఇవ్వమన్నారు. పావు వంతు తగ్గింపు కాబట్టి మూడు టేపుల మీదా ఏడున్నర, నాలుగున్నర, మూడు అని రాస్తే సరి. "పదిదాని మీద తగ్గించుకోండి, నాది నాకివ్వండి" అనే మాటకి తావివ్వకూడదని ముందు రోజే అనుకోండి.

చిల్లరకి కుటుంబానికి పాతిక డాలర్ల చొప్పున ఆరిళ్ళవీ నూట యాభై తెచ్చుకోవాలి. శుక్రవారం బ్యాంకుకి వెళ్ళి అరవై ఒకట్లు, పది అయిదులు, రెండు పదులు, ఎనభై క్వార్టర్లు మార్చుకోండి. ధరలన్నీ క్వార్టర్‌కి భాగించబడేట్టు పెట్టుకుంటే డైములు, పెన్నీలతో పనుండదు. పొద్దున్నే వచ్చి రెండు డాలర్ల స్పూన్ల సెట్టుకి వంద నోటు ఇస్తే తీసుకోకండి. అది దొంగనోటు అయితే సామానూ, తొంభై ఎనిమిది డాలర్ల మంచి డబ్బూ పోతాయి. దొంగనోట్లు పట్టే మార్కర్ పెన్నుతో గీసి చూస్తే సరిపోదు, చిన్న నోటు కడిగి పెద్ద నోటుగా అచ్చేస్తే పెన్ను పట్టుకోలేదు. వెలుతురుకి ఎత్తి, నోటు మీదున్న మనిషి బొమ్మే లోపలి వాటర్‌మార్క్‌లోనూ ఉందా అని చూడాలి. జెల్ అయితే కొనేవాళ్ళ ఫోన్‌లో స్క్రీన్ చూసి నమ్మకండి, మీ బ్యాంకు యాప్‌లో డబ్బు పడిందా చూడండి. డబ్బు డబ్బాలో కాకుండా నడుముకి కట్టుకునే సంచీలో ఉండాలి. గంటకోసారి పెద్ద నోట్లు ఇంట్లోకి పంపండి. ఇంటి తలుపు, గరాజ్ లోపలి తలుపు రెండూ తాళం వేసి ఉండాలి. బాత్‌రూమ్ అడిగితే దగ్గర్లో గ్యాస్ స్టేషన్ ఎక్కడుందో చెప్పండి, తప్పేం లేదు.

ధర పెట్టడంలో మన చెయ్యి బరువు. కొన్న ధరలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా, అంతే. అది ఎంతపెట్టి కొన్నారో, పుట్టింటివారు పెట్టిందో కాదో కొనేవాళ్ళకి అనవసరం. పట్టుచీర వంద డాలర్లని రాసి దండెం మీద వేస్తే ఎవరూ ముట్టుకోరు. కంచిపట్టు, ధర్మవరం ఇక్కడికి తేవద్దు, అవి మనవాళ్ళలోనే ఇచ్చుకోవలసినవి. సింథటిక్, షిఫాన్ చీరలు మాత్రం పోతాయి, అయితే "చీర" అని రాస్తే కాదు. ఆరు గజాల గుడ్డ, అంచుతో, ఎనిమిది డాలర్లు అని ఇంగ్లీషులో రాసి, ఒక మడత విప్పి అంచు కనబడేలా వేలాడదీయండి. క్విల్టు కుట్టేవాళ్ళు, నాటకాలకి దుస్తులు చేసేవాళ్ళు, కర్టెన్లకి చూసేవాళ్ళు కొంటారు. అలాగే ఇడ్లీ స్టాండు, మురుకుల గొట్టం, పోపుల డబ్బా పక్కన అదేం చేస్తుందో ఒక్క వాక్యం రాయండి. పోపుల డబ్బాని పూసలు దాచుకోడానికైనా కొంటారు.

కరెంటు సామాను విషయంలో మనకి మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. ఇండియా నుంచి తెచ్చిన గ్రైండరు, మిక్సీ అడుగున ఉన్న రేకు చదవండి. ఇక్కడి కరెంటుకి సరిపోయేలా 110 లేదా 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంటేనే బల్ల మీదికి. 230 వోల్టుల దానికి పిన్ను మార్చే అడాప్టరు పెట్టి ఇస్తే, అడాప్టరు మార్చేది పిన్ను ఆకారాన్నే, వోల్టేజీని కాదు. కొన్నవాళ్ళింట్లో మోటారు మూలుగుతుంది, రాయి తిరగదు, వైండింగ్ వేడెక్కి కాలిన వాసనొస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా ఇస్తుంటే ఇవ్వొచ్చు. 750 వాట్ల మిక్సీకి కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్న స్టెప్-అప్ కావాలని కాగితం అంటించండి. పనిచేసే ప్రతిదానికీ పక్కన ఎక్స్‌టెన్షన్ వైరు ఉంచి, పెట్టి చూపించండి. ప్రెషర్ కుక్కరు అయితే గ్యాస్కెట్, వెయిట్, సేఫ్టీ వాల్వు మూడూ ఉన్నాయో లేదో చూసి, మూతని తాడుతో గిన్నెకి కట్టండి. ఒక్కటి లేకపోయినా అమ్మకండి.

అమ్మకూడనివి ఇంకా ఉన్నాయి. పక్క కిందికి జారే పిల్లల క్రిబ్ 2011 జూన్ 28 నుంచి అమెరికాలో అమ్మడం నిషేధం. 2022 నవంబర్ నుంచి పసిపిల్లల్ని ఏటవాలుగా పడుకోబెట్టే స్లీపర్లు, క్రిబ్ చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు కూడా అంతే. రీకాల్ అయిన (ప్రమాదకరమని కంపెనీ వెనక్కి పిలిచిన) వస్తువు ఏదైనా సరే, గరాజ్ సేల్‌లోనూ అమ్మకూడదు. పిల్లల సామాను ఒక్కోదాని మోడల్ నంబరూ సీపీఎస్‌సీ (వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో చూసుకునే పని ఒక కుటుంబానికి అప్పగించండి, గంటలో అవుతుంది. పిల్లల కారు సీటుకి అడుగునో వెనకో గడువు తేదీ అచ్చుపోసి ఉంటుంది. అది దాటకపోయినా, ఎప్పుడైనా కారు గుద్దుకుందో లేదో కొనేవాళ్ళకి తెలిసే దారి లేదు కాబట్టి బల్ల మీద పెట్టకండి. సైకిల్ హెల్మెట్టూ అంతే. ఇండాలియం (అల్యూమినియం మిశ్రమం) మూకుళ్ళు కూడా తీసేయండి. ఆ మిశ్రమంతో చేసిన కొన్ని దిగుమతి గిన్నెల్లోంచి సీసం వంటలోకి దిగుతోందని ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) 2025 ఆగస్టులో హెచ్చరించింది. అవి మీ వంటింట్లోనూ వద్దు, గుడ్‌విల్‌కీ వద్దు, చెత్తలో వేయండి.

బల్ల మీద పెట్టేముందు ప్రతి హ్యాండ్‌బ్యాగ్ జిప్పూ, ప్రతి షేర్వానీ జేబూ, ప్రతి కుంకుమ భరిణ మూతా తీసి చూడండి. మన ఇళ్ళల్లో బంగారం దొరికేది బీరువాలో కాదు, ఏ పెళ్ళికో తీసి పెట్టిన సంచీ అరలో. పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు అందులోని డేటా చెరిపాకే అమ్మకానికి.

బోర్డుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అక్షరాలు జానెడు లేకపోయినా బెత్తెడైనా ఉండాలి, కదిలే కారులోంచి చదవాలి కదా. "గరాజ్ సేల్, 6 ఇళ్ళు, శని 7–1" అన్నది ఇంగ్లీషులో, బాణం గుర్తు, అంతే. పోస్టర్ కాగితం ఇక్కడి గాలికి ముడుచుకుపోతుంది, ముడతల ప్లాస్టిక్ షీటుకి తీగ కాళ్ళు గుచ్చండి. కరెంటు స్తంభాలకి అంటించకండి. మలుపు మలుపుకీ ఒకటి కావాలి. మధ్యలో ఒక్క మలుపు దగ్గర బోర్డు లేకపోతే ముందున్న అయిదూ దండగే. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో, నెక్స్ట్‌డోర్‌లో గురువారం సాయంత్రం పెట్టండి, ఫోటోల్లో పెద్ద సామాను ముందుండాలి.

ఆ పెద్ద సామానే శుక్రవారం రాత్రికి మాయమవుతోంది. "మనవాళ్ళే కదా, ముందే తీసుకెళ్ళండి" అని వాట్సాప్‌లో ఇచ్చేయడం వల్ల. ఫోటోలో ఉన్న సైకిలు కోసం పొద్దున ఆరున్నరకి వచ్చినవాళ్ళు అది లేదనగానే కారు దిగకుండానే వెళ్ళిపోతారు, మిగతా అయిదిళ్ళ సామాను చూడరు. పాల్గొనే కుటుంబాలు ఒకరి సామాను ఒకరు కొనుక్కోవాలంటే శుక్రవారం సాయంత్రం ఒక గంట పెట్టుకోండి. అదీ టేపు మీద ధరకే, నోట్‌బుక్‌లో అతికించే. ఫోటోలో పెట్టిన ఆరు పెద్ద వస్తువులు మాత్రం శనివారం ఏడు దాకా కదలకూడదు.

పిల్లలకి నిమ్మరసం బల్ల ఇవ్వండి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు ఇలా అమ్ముకోడానికి ఊరు పర్మిట్ అడగకూడదని టెక్సస్ 2019లోనే చట్టం చేసింది. సమోసాలు, పకోడీలు ఆ చట్టంలో లేవు, పెద్దవాళ్ళు ఆశపడకండి.

పదకొండు అవుతుంటే సగం ధర. ఈ సంగతి ప్రకటనలో రాయకండి, రాస్తే అందరూ పదకొండుకే వస్తారు. సగానికి ఇవ్వడం ఇష్టంలేని వస్తువు టేపు కింద ముందే గీత గీసి ఉంచాలి, కుటుంబానికి మూడు గీతలు మించకూడదు. పన్నెండున్నరకి బట్టలు, పుస్తకాలు సంచీ నిండా అయిదు డాలర్లు. ఆ డబ్బు ఏ ఇంటిదో తేల్చలేరు కాబట్టి బోర్డులకి, కానపీకి అయిన ఖర్చులో వేసేయండి.

ఒంటిగంట తర్వాతి సంగతి రెండు వారాల ముందే తేలాలి. విరాళాలు తీసుకునే సాల్వేషన్ ఆర్మీ లాంటివాళ్ళ ట్రక్కు కావాలంటే ముందుగా బుక్ చేసుకోవాలి, శనివారం పొద్దున ఫోన్ చేస్తే రాదు. ట్రక్కు దొరక్కపోతే వ్యాన్ ఉన్న కుటుంబాలు రెండు, రెండు ట్రిప్పులు వేస్తామని ముందే పేరివ్వాలి. పరుపులు, పాత డబ్బా టీవీలు ఎవరూ తీసుకోరు, వాటిని అసలు బయటికే తేవద్దు.

చివర లెక్క. నోట్‌బుక్‌లో టేపులన్నీ కూడండి, "జె" రాసినవి తీసేయండి, చిల్లరకి పెట్టిన నూట యాభై, సంచీ అయిదు డాలర్లకి అమ్మినవాటి డబ్బు కలపండి. చేతిలో ఉన్న నగదు దానికి అయిదారు డాలర్లు అటూ ఇటూ వస్తుంది. ఆ తేడాని ఆరిళ్ళూ పంచుకోండి, ఎవరి టేపు పోయిందని వెతక్కండి. ముందు తలా పాతిక వెనక్కి, తర్వాత ఎవరి పేజీ డబ్బు వాళ్ళకి. జెల్ ఎవరి ఖాతాలో పడిందో వాళ్ళు ఆ రాత్రే పంపేయాలి.

మీలో ఎవరైనా ఈ ఏప్రిల్‌కి సిద్ధమవుతుంటే ఇవన్నీ ఒక సాయంత్రం ఆరిళ్ళవాళ్ళూ కూర్చుని చదువుకుని, కాదనేవి అప్పుడే కాదనుకోండి. మా దగ్గర మడత బల్లలు ఎనిమిది, కానపీలు రెండు, ఇసుక సంచులు ఎనిమిది ఉన్నాయి. అడిగితే ఇస్తాం. ఆదివారం సాయంత్రానికి తిరిగి ఇవ్వాలి. బోర్డులు మాత్రం శనివారం చీకటి పడేలోగా మీరే పీకేయండి.

ఇట్లు,
మీ పక్క సబ్‌డివిజన్‌ల తెలుగువాళ్ళం